సోమవారం రక్తం

ఆసుపత్రి ల్యాబ్ వెనకగదిలో, డీప్ ఫ్రీజర్ పక్కన, తన ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు మాస్టారు. ఆ స్టూలు మీద ఇంకెవరైనా కూర్చుంటే లేపి మరీ కూర్చునే మనిషి. ఎదురుగా సూది పట్టుకుని నిలబడ్డది ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లే. ఇప్పుడామె ల్యాబ్‌కి హెడ్డు, అందరికీ మేడమ్, ఆయనకి మాత్రం ఇంకా అమ్మాయే. సోమవారం, పొద్దున్న ఎనిమిదిన్నర.

“చెయ్యి చాపండి మాస్టారు.”

“ఆగమ్మాయ్, ఆగు. ఆ సూది అక్కడ పెట్టు. దొరసాని గొట్టాలు పారబోస్తామని ఎవడన్నాడు? ముందది చెప్పు.”

“రక్తం ఇచ్చేస్తే తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం కదా.”

“నా రక్తం ఎక్కడికీ పారిపోదు. ఇరవై రెండేళ్లుగా సోమవారం సోమవారం ఇస్తూనే ఉన్నా. గొట్టాల సంగతి చెప్పు.”

“పది గంటలకి కమిటీ కూర్చుంటోంది. ఫ్రీజర్‌లో మిగిలినవి పదకొండు. పదకొండూ సింకులో పోసి పైన నీళ్లు వదలమంటున్నారు.”

“నీళ్లు వదలమంటున్నారా! వాళ్ల నోళ్లు పడిపోనూ! అది పోయి ఎనిమిదేళ్లు అమ్మాయ్. మళ్లీ పుడుతుందా? మళ్లీ ఇస్తుందా?”

“మేక కోసం ఇంతలా ఎవరూ బాధపడరు మాస్టారు.”

“మేక అనకు. దొరసాని అను. నా చేత్తో మేపాను దాన్ని. నా చేత్తో సూది వేశాను, నా చేత్తోనే రక్తం తీశాను. ఒక్కసారైనా తన్నిందా? కంపెనీ వాళ్ల యాంటీబాడీ చూశావుగా, దారిన పోయే ప్రతిదాన్నీ పట్టుకుంటుంది. అదే దొరసాని ఇచ్చిందనుకో...”

“తెలుసు మాస్టారు. పాఠం నాకు చెప్పిందే మీరు. మెడలో గోధుమగింజంత గ్రంథులు నాలుగు. వాటిలోంచి వచ్చే హార్మోన్ ఎముకలోంచి క్యాల్షియం లాగి రక్తంలో పోస్తుంది. అది మితిమీరితే ఎముక గుల్ల, కిడ్నీలో రాయి, గుక్క గుక్కకీ దాహం, మతిమరుపు. ఆ హార్మోన్ని రక్తంలో వెతికి పట్టుకునేది ఆ గొట్టాల్లో ఉన్న దొరసాని యాంటీబాడీ. అక్షరం పొల్లుపోలేదుగా?”

“పోలేదు. నువ్వెప్పుడూ పొల్లు పోనివ్వవు. మంచి జ్ఞాపకం నీది. ఆ నీళ్ల సీసా ఇలా అందుకో.”

“మళ్లీనా? ఇప్పుడేగా సీసాడు తాగారు.”

“వయసమ్మా, వయసు. నోరు పిడచకట్టుకుపోతోంది. నువ్వు మాత్రం తాగట్లేదా, నీ సీసా కూడా ఖాళీయేగా. ఇంతకీ కమిటీకి దొరసాని మీద కడుపుమంట ఎందుకట?”

“ఆపరేషన్ డాక్టరుగారు ఫిర్యాదు రాశారు. పేషెంట్లకి రక్తంలో క్యాల్షియం చూస్తే ఆకాశంలో ఉంటోందట, మన రిపోర్టులో హార్మోన్ చూస్తే నేల మీద ఉంటోందట. పొంతన లేదంటున్నారు.”

“ఆయన కత్తి ఆయన చూసుకుంటే చాలు. నా గిన్నెల్లో వేలు పెట్టమన్నదెవరు?”

“లెక్కల టీచరు గుర్తుందా? పసుపురంగు గొడుగు వేసుకుని వచ్చేది.”

“టీచరా... ఏ టీచరు?”

“మీకెక్కడ గుర్తుంటుందిలెండి. పోయినేడాది. క్యాల్షియం పదమూడు. హార్మోన్ మీరు ఇరవై రెండు అని రాసిచ్చారు.”

“రాసుంటాను. ఎంతుంటే అంతే రాస్తాను. నేనేం ఊహించి రాయను.”

“క్యాల్షియం అంతుండి హార్మోన్ అంత తక్కువుంటే డాక్టర్లు ఏమనుకుంటారు?”

“ఎక్కడో క్యాన్సర్ దాక్కుని ఉందనుకుంటారు.”

“అనుకున్నారు. ఏడాది పాటు వెతికారు. కడుపు కోశారు, ఏం లేదు. రొమ్ములోంచి ముక్క తీశారు, ఏం లేదు. నడుం ఎముకకి బెజ్జం పెట్టారు, ఏం లేదు. భర్త ఆమెని పుట్టింట్లో దిగబెట్టి వెళ్లిపోయాడట. చివరికి ఆమె అన్నయ్య వేరే ల్యాబ్‌లో చేయిస్తే హార్మోన్ రెండు వందలు దాటింది. మెడలో గింజంత గడ్డ. అరగంట పని.”

“రెండు వందలా? అబద్ధం. ఆ ల్యాబ్‌ వాళ్లకి చేతకాదు.”

“ఆ ల్యాబ్‌ని నమ్మి మెడ కోస్తే గడ్డ దొరికింది మాస్టారు.”

“నా చేతిలో ఇరవై రెండంటే ఇరవై రెండే. ఎందుకంటావా? సోమవారం సోమవారం నన్ను నేను చూసుకుంటున్నా కనక. అంగట్లో కొన్న స్టాండర్డ్ సీసా ఒకరోజు ఒకలా ఉంటుంది, మర్నాడు ఇంకోలా ఉంటుంది. నా రక్తం నలభై. ఇరవై రెండేళ్లుగా నలభై. ముందు నా రక్తం పెడతాను. గిన్నెలో రంగు నలభై గీత దగ్గరికి వచ్చేదాకా యాంటీబాడీలో నీళ్లు కలిపి సరిచేస్తాను. రంగు అక్కడ నిలబడ్డాకే ఊళ్లోవాళ్ల రక్తం. ఇందులో తప్పెక్కడుంది? చూపించు.”

“నేను తప్పని అన్నానా?”

“అనకపోయినా నీ మొహం అంటోంది.”

“నా మొహం పుట్టినప్పట్నుంచీ ఇంతే. ఇదిగో, మీ పుస్తకం తెచ్చాను. ఏ ఏడాది యాంటీబాడీలో ఎన్ని పాళ్లు నీళ్లు కలిపారో మొత్తం మీ చేతిరాతే. మొదట్లో వెయ్యి పాళ్ల నీళ్లకి దొరసాని ఒక పాలు. ఇప్పుడు?”

“తొమ్మిది వేలకి ఒక పాలు.”

“తొమ్మిది వేలు! అంత పల్చగా చేసినా రంగు వస్తోందా?”

“రాకేం? పోయిన సోమవారం కూడా నలభై గీత మీద కూర్చుంది. అదే కదమ్మాయ్ దాని గొప్ప! నేను నెత్తీ నోరూ బాదుకుని చెప్పేది అదే కదా! అన్ని యాంటీబాడీలూ నిల్వ ఉంటే నీరసపడతాయి. దొరసానిది ఏడాదేడాదికీ బలం పుంజుకుంటోంది. చచ్చిపోయాక కూడా నా మేక పెరుగుతోంది. అందుకేగా రెండేళ్లలో అయిపోవాల్సిన గొట్టాలు ఇన్నేళ్లు వచ్చాయి!”

“ఇలాంటిది ఇంకెక్కడైనా విన్నారా మాస్టారు?”

“వినలేదు. ఇంకెక్కడా దొరసాని లేదుగా.”

“నిజమే. ఇంకెక్కడా లేదు.”

“నవ్వుతున్నావా?”

“లేదే. దగ్గొచ్చింది.”

“నీ మణికట్టు ఎలా ఉంది? కట్టు విప్పేశారా?”

“విప్పారు. ఇంకా లాగుతూనే ఉంది.”

“ఒక్క మెట్టు తప్పి గోడకి చెయ్యి ఆనిస్తే విరగడమేంటమ్మా? ముప్ఫై ఏడేళ్లకే?”

“ఎండ తగలకపోతే అంతేనట. పొద్దస్తమానం ఈ ల్యాబ్‌లోనే పడి ఉంటే ఎండ ఎక్కడ్నించి వస్తుంది? నా చెయ్యి గొడవ వదిలేయండి. గొట్టాల సంగతి చూద్దాం.”

“చూడు, చూడు. నువ్వు తలుచుకుంటే అవుతుంది. కమిటీలో నీ మాట చెల్లుతుంది. ఈ వారంతో రిటైరవుతున్నా, వచ్చే సోమవారం నేనుండను. నాకు దండలొద్దు, శాలువాలొద్దు. ఆ పదకొండు గొట్టాలు ఆ ఫ్రీజర్‌లో ఉంటే చాలు. దాని పేరుతో ఉంటే చాలు. జీవితంలో నేను చేసింది అదొక్కటే అమ్మాయ్.”

“అంత మాట అనకండి.”

“అంటాను. ఉన్నదే అంటాను. పిల్లల్లేరు. ఇల్లు మా ఆవిడ చూసుకుంది. నేను చేసింది ఆ గొట్టాలే.”

“అయితే ఒక దారి ఉంది. మీరు ఒప్పుకుంటారో లేదో.”

“చెప్పు. ఏదైనా సరే.”

“తప్పు జరిగిందని కమిటీ తేల్చేసింది. అది యాంటీబాడీదైతే పారబోస్తారు. మనిషిదైతే...”

“మనిషిదైతే?”

“మనిషి ఎలాగూ వెళ్లిపోతున్నాడు కదా మాస్టారు.”

“ఓహో!”

“బలవంతం లేదు.”

“అంటే నా నెత్తిన వేసుకోమంటావు.”

“నేననట్లేదు. దారి ఉందా అని మీరడిగారు, ఉందన్నాను. కాగితం రాసి పెట్టాను, చదువుతాను వినండి. ‘యాంటీబాడీలో ఏ లోపమూ లేదు. హార్మోన్ అంకెలు తక్కువగా రావడానికి కారణం నేనే. నేను పెట్టుకున్న కొలత తప్పు. పూర్తి బాధ్యత నాదే.’ కింద మీ సంతకం.”

“‘నేను పెట్టుకున్న కొలత తప్పు.’ ఇది పచ్చి అబద్ధం.”

“అబద్ధమే అనుకోండి. సంతకం పెట్టకపోతే సింకు ఇక్కడే ఉంది, గొట్టాలూ ఇక్కడే ఉన్నాయి.”

“ఇరవై రెండేళ్లు... ఒక్క అంకె దిద్దలేదు నేను. ఆ టీచరు నా మీద ఉమ్మేస్తుంది.”

“ఉమ్మేస్తే తుడుచుకోవచ్చు. పారబోస్తే ఎత్తుకోగలరా?”

“నువ్వెప్పుడు నేర్చావమ్మాయ్ ఇలా మాట్లాడ్డం?”

“ఇక్కడే నేర్చుకున్నాను మాస్టారు. ఈ గదిలోనే. పన్నెండేళ్ల కిందట నా మొదటి సోమవారం గుర్తుందా?”

“ఏది... ఏమైందప్పుడు?”

“గుర్తులేదా? పోనీలెండి.”

“చెప్పు. ఈ మధ్య నాకు అన్నీ జారిపోతున్నాయి. మొన్న మా వీధి మలుపు దగ్గర నిలబడిపోయాను, కుడికా ఎడమకా అని.”

“అయ్యో పాపం. నేను చేరి నాలుగు రోజులైంది. మీరు గొట్టం చేతికిచ్చి, ఇది నా సోమవారం రక్తం, కొలిచి చెప్పు అన్నారు. ఒళ్లు దగ్గర పెట్టుకుని కొలిచాను. నలభై రావాలి. తొంభై ఆరు వచ్చింది.”

“తొంభై ఆరా?”

“మూడుసార్లు చేశాను. మూడుసార్లూ తొంభై ఆరే. మీతో అన్నాను. ఎనిమిది మంది ముందు మీరు నా పుస్తకంలో పేజీ చర్రున చింపేశారు. ‘ఇరవై అయిదేళ్లు నెత్తి మీదికి వచ్చాయి, గిన్నె కడగడం రాదు, దీనికి డిగ్రీ ఎవడిచ్చాడు’ అన్నారు. నలభై వచ్చేదాకా ఇంటికి పోవద్దన్నారు.”

“వచ్చిందా?”

“మర్నాడు పొద్దున్న నలభై అని రాసి తెచ్చాను.”

“వచ్చిందా, రాశావా?”

“మీకు కావాల్సింది రాశాను. మీరు చూసి ‘ఊఁ’ అన్నారు. అంతే. ఆ ఎనిమిది మంది నన్ను రెండేళ్లు తొంభై ఆరు అని పిలిచారు. ‘తొంభై ఆరూ, ఆ గిన్నెలు కడిగావా? తొంభై ఆరూ, తలుపు వెయ్యి.’ మీరు వింటూ కూడా ఏమీ అనలేదు.”

“అమ్మాయ్, ఫోను మోగుతోంది. మా ఆవిడ. ఒక్క నిమిషం. ఆఁ, చెప్పవే... వచ్చేశాను, ల్యాబ్‌లోనే ఉన్నా... లేదు, దారి తప్పలేదు... ఆ, జేబులోనే ఉంది, ఇంకా వేసుకోలేదు... మోకాళ్లా? అలాగే ఉన్నాయి... స్టవ్వా? ఆర్పాననుకున్నానే... సరే, సరే, అరవకు... వేసుకుంటున్నానంటున్నాగా. పెట్టేయ్.”

“అమ్మగారు ఏమంటున్నారు?”

“క్యాల్షియం మాత్ర వేసుకోమని ప్రాణం తీస్తోంది. ఒళ్లు నొప్పులని నేనంటే, ఎముకలు అరిగాయని ఆవిడే తేల్చి మందులకొట్లో కొనుక్కొచ్చింది. రోజుకి రెండు. పెద్ద గోళీలు, గొంతు దిగవు.”

“వేసుకోండి మరి. ఇదిగో నీళ్లు.”

“డాక్టరుకి చూపించుకో చూపించుకో అని ఒకటే గోల. కిడ్నీలో రాయి రెండుసార్లు పడింది కదా, అప్పట్నుంచీ భయం ఆవిడకి.”

“రాయి నొప్పి మాటల్లో చెప్పలేం. పోయినేడాది నాకూ పడిందిగా, గోడకి తల కొట్టుకున్నాను.”

“నేను ఒకటే చెప్పాను. ఒసే పిచ్చిదానా, ప్రపంచంలో ఎవడి హార్మోన్ అయినా తప్పొచ్చు, నాది వారం వారం చూసుకుంటున్నా, నలభై. నాకు రోగమేంటీ అని.”

“బాగా చెప్పారు. మింగారా?”

“మింగాను.”

“ఇంకో గుక్క తాగండి. ఆ. ఇప్పుడు కాగితం.”

“గొట్టాల మీద ‘దొరసాని’ అన్న పేరు చెరపరుగా?”

“నేను చెరపను.”

“ఒట్టు?”

“ఒట్టు. పది గంటలకల్లా కాగితం కమిటీకి అందాలి మాస్టారు, తొందరగా.”

“పెన్నివ్వు. ఎక్కడ?”

“ఇక్కడ. అయ్యో, గీత దాటి పక్కకి పోయింది. ఇలాంటి సంతకం చెల్లదు. ఇంకో కాగితం ఉంది, మళ్లీ పెట్టండి.”

“కళ్లు మసకబారాయి.”

“నెమ్మదిగా. ఆఁ, ఇప్పుడు బాగుంది. పైకి చదవండి ఒకసారి.”

“సంతకం పెట్టానుగా, చదవడమెందుకు?”

“చదివి పెట్టారని నాకు తెలియాలి. చదవండి. నేను మీ ముందు ఎన్నోసార్లు చదివాను.”

“‘యాంటీబాడీలో... ఏ లోపమూ లేదు. హార్మోన్ అంకెలు తక్కువగా రావడానికి కారణం నేనే. నేను పెట్టుకున్న కొలత తప్పు. పూర్తి...’ చాలా?”

“పూర్తి చేయండి.”

“‘పూర్తి బాధ్యత నాదే.’ తృప్తా? దొరసాని కోసం అబద్ధం రాశాను. ఇరవై రెండేళ్లలో ఇదొక్కటే అబద్ధం.”

“అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు మాస్టారు.”

“ఏంటీ?”

“చచ్చిన మేక బలం పుంజుకుంటుందా? మీరు నాకు పాఠం చెప్పిన మనిషి. మీరే చెప్పండి. ఎక్కడైనా యాంటీబాడీ నిల్వ ఉండి గట్టిపడిందా?”

“మరి తొమ్మిది వేల పాళ్లు...”

“గట్టిపడింది యాంటీబాడీ కాదు. గిన్నెలో పోసిన మీ రక్తం. మీ హార్మోన్ పెరిగింది. పెరిగిన కొద్దీ రంగు ముదిరింది. ముదిరిన కొద్దీ, అబ్బ నా మేక అనుకుంటూ నీళ్లు పోశారు. పోసి పోసి మళ్లీ నలభైకి తెచ్చారు. ఆ నీళ్లతోనే ఊరందరి రక్తం కొలిచారు. మీరు మీ నలభైని పట్టుకుని వేలాడారు, ఆ టీచరు రెండు వందల పైచిలుకు కాస్తా ఇరవై రెండయి కూర్చుంది.”

“లేదు.”

“సీసాలు సీసాలు నీళ్లు. కిడ్నీలో రాళ్లు. మోకాళ్లు. వీధి మలుపు దగ్గర కుడికా ఎడమకా. ఇందాక పాఠం అప్పజెప్పానుగా, అప్పుడైనా తట్టలేదా?”

“లేదు... లేదమ్మాయ్. ఎంత? ఎంతుంది నాది?”

“పోయిన సోమవారం మూడు వందల ఎనభై.”

“ఎవరు చూశారు?”

“మీరిచ్చిన గొట్టంలో సగం తీసి బయట ల్యాబ్‌కి పంపిస్తున్నాను. మొదటిసారి మూడు వందల పది. వారం వారం గ్రాఫ్ గీస్తున్నాను. ఎంత అందంగా వచ్చిందో చూస్తారా? ఒక పక్క మీ హార్మోన్ ఎక్కుతూ ఉంటుంది, ఇంకో పక్క మీరు పోసే నీళ్లు ఎక్కుతూ ఉంటాయి. పేపరు రాస్తున్నాను. యాంటీబాడీ బంగారం లాంటిదని, కొలిచిన మనిషే చెడ్డాడని రాయడానికి మీ సంతకం ఒక్కటే తక్కువైంది. ఇప్పుడది కూడా వచ్చింది.”

“వారం వారమా? ఎన్ని వారాల్నుంచి?”

“ఇరవై ఆరు.”

“ఆరు నెలలు!”

“ఇవాళ్టిది ఇరవై ఏడోది. అందుకే చెయ్యి చాపమన్నాను.”

“ఆరు నెలలుగా తెలిసి... ఇప్పుడే నాతో క్యాల్షియం మాత్ర మింగించావు కదే!”

“నేను మింగించలేదు. అమ్మగారు మింగమన్నారు. నేను నీళ్లిచ్చాను.”

“నా మతి పోతోంది, మా ఆవిడ రాత్రిళ్లు ఏడుస్తోంది. ఒక్క మాట... ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“చెప్పాను. పన్నెండేళ్ల కిందట చెప్పాను. మీ రక్తం తొంభై ఆరు ఉంది మాస్టారూ అని ఎనిమిది మంది ముందు చెప్పాను. ఆ రోజు విని ఉంటే అరగంట పని. మెడలోంచి గింజంత గడ్డ తీసేవారు. ఆ టీచరు కడుపు కోయించుకునేది కాదు. అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క తేలిందా? నాకు తేలలేదు. మీరు పేజీ చింపేశారు. చింపింది నా పేజీ అనుకున్నారు.”

“తొంభై ఆరు.”

“అవును. తొంభై ఆరు. ఆ పేరుతో రెండేళ్లు పిలిపించుకున్నాను.”

“ఆ పుస్తకం ఇలా ఇవ్వు.”

“ఎందుకు? చింపడానికా?”

“చింపను. నా కళ్లు ఆనట్లేదు, నువ్వే చదువు. నువ్వు చేరిన ఏడాది ఎన్ని పాళ్లు పోశాను?”

“వెయ్యికి ఒకటి.”

“మరుసటేడాది?”

“వెయ్యి.”

“ఆ పై ఏడు?”

“వెయ్యే. ఏంటి మాస్టారు మీరు చెప్పేది?”

“చదువమ్మా. ఎప్పట్నుంచి పెరిగింది?”

“ఏడేళ్ల కిందట్నుంచి. పదకొండు వందలు. ఆ తర్వాత పద్నాలుగు వందలు.”

“అంటే ఏడేళ్ల కిందట రోగం మొదలైంది నాకు. నువ్వు చేరిన ఏడాది అలాంటిదేం లేదు. అప్పుడు నా రక్తం నలభయ్యే. ఈ పుస్తకమే చెబుతోంది, నేను కాదు.”

“అయితే ఆ రోజు నా కొలత తప్పయి ఉంటుంది.”

“నీ కొలత తప్పే రకం కాదు. చింపేటప్పుడు కూడా నాకు తెలుసు. మూడుసార్లు చేశావు, మూడుసార్లూ సరిగ్గానే చేశావు.”

“తెలిసి చింపారా?”

“కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ అదే చేసేవాణ్ణి. మొదటి సోమవారం నా రక్తం ఎవరికీ ఇవ్వను. గొట్టం మీద నా పేరు రాస్తాను, లోపల వేరే రక్తం ఉంటుంది. నలభై రావాలని ఊదరగొడతాను, తిడతాను. కళ్లతో చూసింది రాస్తారా, నేను కోరింది రాస్తారా అని చూడ్డానికి. ఎదురు తిరిగినవాణ్ణి దగ్గర పెట్టుకునేవాణ్ణి. నువ్వు నలభై అని దిద్దుకొచ్చావు. అందుకే ఊఁ అన్నాను. అంతకు మించి నీతో మాట్లాడాలనిపించలేదు.”

“వేరే రక్తం అంటే ఎవరిది?”

“అరవై అయిదు దాటితే రోగమే, తొంభై ఆరు మంచి అంకె కాదని నాకు తెలుసు. పిలిచి చెబుదామనే అనుకున్నా. నలభై అని సంతకం పెట్టి ఇచ్చావుగా, బుద్ధి రానీ, నాలుగు రోజులాగి చెబుదాంలే అనుకున్నా. తర్వాత... మర్చిపోయానమ్మాయ్. శుభ్రంగా మర్చిపోయాను. ఇప్పుడు నువ్వు తొంభై ఆరు అంటే గుర్తొచ్చింది.”

“ఎవరిదని అడుగుతున్నాను మాస్టారు.”

“మణికట్టు విరిగిందన్నావు. రాయి పడిందన్నావు. ఆ సీసా కూడా అప్పుడే ఖాళీ చేసేశావు.”

“ఎవరిదీ?”

“చేరిన రోజు ఆరోగ్య పరీక్షకని నీకు నొప్పి తెలియకుండా నేనే తీశాను చూడు, అందులో మిగిలింది. ఆ సూది ఇలా ఇచ్చి, చెయ్యి చాపమ్మాయ్.”